క్లోరోబెంజీన్ క్షారానికి లొంగదు, నైట్రేషన్‌కు లొంగుతుంది: ప్రతిక్షేపణ చర్యల్లో ఎలక్ట్రాన్ల లెక్క

మీ ప్రశ్న సారాంశం ఇది: "క్లోరోబెంజీన్‌ను సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో ఎంత మరిగించినా ఏమీ జరగదు. అదే క్లోరోబెంజీన్ నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో చర్య జరుపుతుంది. రెండూ ప్రతిక్షేపణ చర్యలే కదా, ఈ తేడా ఎందుకు? పైగా క్లోరిన్ వల్ల వలయం మందగిస్తుందంటారు, మళ్లీ అదే క్లోరిన్ ఆర్థో (పక్క), పారా (ఎదురు) స్థానాలకు దారి చూపిస్తుందంటారు. బట్టీ పట్టడం తప్ప మార్గం లేదా?"

ఉంది. ప్రతిక్షేపణలో ఒక బంధం తెగుతుంది, ఇంకొకటి ఏర్పడుతుంది. సమయోజనీయ బంధానికి రెండు ఎలక్ట్రాన్లు కావాలి. కొత్త బంధానికి ఆ రెండూ ఎవరు పెట్టారు, తెగిన బంధంలోని రెండూ ఎవరి దగ్గర మిగిలాయి అని అడుగుతూ పోతే మీరు చెప్పినవన్నీ వాటంతట అవే విడిపోతాయి.

న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణలో వచ్చేది తన ఎలక్ట్రాన్ జంటతో వస్తుంది. కాబట్టి పోయేది కూడా ఒక జంటను తీసుకునే పోవాలి, లేకపోతే కార్బన్ మీద పది ఎలక్ట్రాన్లు పడతాయి. ఎలక్ట్రోఫిలిక్ ప్రతిక్షేపణలో వచ్చేది ఖాళీ చేతులతో వస్తుంది, కొత్త బంధానికి ఎలక్ట్రాన్లు పెట్టేది వలయమే. ఇక్కడ పోయేది తన బంధంలోని జంటను వలయానికి వదిలేసి పోవాలి. ఆ పని అందరికంటే తేలికగా చేయగలిగేది హైడ్రోజన్, ప్రోటాన్‌గా.

ఇప్పుడు మీ క్లోరోబెంజీన్‌నే చూడండి. క్షారంతో చర్య జరిగితే పోవలసింది క్లోరిన్. మీరు చెప్పిన ఆమ్లాల మిశ్రమంతో జరిగే నైట్రేషన్‌లో (వలయం మీద నైట్రో సమూహం చేరడంలో) పోయేది హైడ్రోజన్, క్లోరిన్ ఉన్నచోటే ఉంటుంది. అక్కడ క్లోరిన్ పోవాలంటే ధనావేశంతో పోవాలి, అంత ఋణవిద్యుదాత్మకత ఉన్న పరమాణువు అలా పోవడం చాలా కష్టం. అంటే మీరు పోల్చిన రెండు చర్యలూ ఒకే అణువులో వేర్వేరు బంధాల మీద జరిగేవి. క్లోరిన్ ఉన్న కార్బన్ మీద ఒకటి, దాని పక్కదో ఎదురుగా ఉన్నదో అయిన కార్బన్ మీద ఇంకొకటి. పాఠాల్లో రెంటికీ "ప్రతిక్షేపణ" అనే ఒకే పేరు ఉండేసరికి చాలామంది ఇక్కడే తడబడతారు.

ముందు న్యూక్లియోఫిలిక్ వైపు, అదీ సంతృప్త కార్బన్ (నాలుగూ ఏకబంధాలే ఉన్నది, ఎస్‌పీ3) మీద. క్రిస్టఫర్ ఇంగోల్డ్, ఎడ్వర్డ్ హ్యూస్ 1930లలో వేగాలు కొలిచి వీటిని రెండు దారులుగా విడదీశారు. ఎస్‌ఎన్2లో న్యూక్లియోఫైల్ (జంటతో వచ్చేది) లోపలికి రావడం, లీవింగ్ గ్రూప్ (పోయే సమూహం) బయటికి పోవడం ఒకే అడుగులో జరుగుతాయి, వేగం ఇద్దరి గాఢత మీదా ఆధారపడుతుంది. ఎస్‌ఎన్1లో ముందు లీవింగ్ గ్రూప్ పోయి కార్బొకాటయాన్ (కార్బన్ మీద ధనావేశం ఉన్న అయాన్) మిగులుతుంది, న్యూక్లియోఫైల్ తర్వాత వచ్చి కలుస్తుంది. అందుకే టెర్షియరీ బ్యూటైల్ క్లోరైడ్ జలవిశ్లేషణలో హైడ్రాక్సైడ్ గాఢత పెంచినా ప్రతిక్షేపణ వేగం పెరగదు.

ఎస్‌ఎన్2లో న్యూక్లియోఫైల్ వెనక వైపు నుంచే వస్తుందని మనం ఎందుకు నమ్మాలి? 1896లోనే పాల్ వాల్డెన్ అణువుల ఆకృతి తిరగబడే ఉదంతాలు గమనించాడు. కానీ తిరగబడింది ఏ అడుగులోనో అప్పట్లో తేలలేదు. 1935లో హ్యూస్ బృందం చేసిన ప్రయోగం ఆ పని చేసింది, నాకు కర్బన రసాయన శాస్త్రంలో అన్నిటికంటే నచ్చే ప్రయోగాల్లో అదొకటి. ధ్రువిత కాంతిని తిప్పే 2-అయొడో ఆక్టేన్‌ను తీసుకుని, దాన్ని రేడియోధార్మిక అయొడైడ్‌తో కలిపారు. పోయేదీ అయొడైడే, వచ్చేదీ అయొడైడే, కాబట్టి పదార్థం మారదు. రేడియోధార్మికత ఎంత వేగంగా అణువులోకి చేరుతోందో ఒకవైపు, కాంతి భ్రమణం ఎంత వేగంగా పడిపోతోందో మరోవైపు కొలిచారు. భ్రమణం పడిపోయే వేగం సరిగ్గా రెట్టింపు వచ్చింది. ఒక అణువు తిరగబడితే అది ఇంకా తిరగబడని మరో అణువు భ్రమణాన్ని కూడా రద్దు చేస్తుంది కదా, ఒక్క మార్పిడికి రెండు అణువుల విలువ పోతుంది. అంటే మార్పిడి జరిగిన ప్రతిసారీ ఆకృతి తిరగబడుతోందన్నమాట. ముందు వైపు నుంచి వచ్చే దాడులు కొన్ని ఉన్నా ఈ నిష్పత్తి రాదు.

వెనక నుంచే రావాలి కాబట్టి వెనక ఎంత ఖాళీ ఉందన్నదే ఎస్‌ఎన్2 వేగాన్ని నిర్ణయిస్తుంది. ఇథైల్ హాలైడ్ వేగాన్ని 1 అనుకుంటే మిథైల్‌ది సుమారు 30, ఐసోప్రొపైల్‌ది దాదాపు 0.025. నియోపెంటైల్‌ది అయితే లక్షలో ఒక వంతు. ఈ చివరిదాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. నియోపెంటైల్ బ్రోమైడ్ ప్రైమరీ హాలైడే, "ప్రైమరీ అయితే ఎస్‌ఎన్2" అని సూత్రం వల్లించేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. పక్క కార్బన్ మీద మూడు మిథైల్ సమూహాలు గుంపుగా ఉండి దారి మూసేస్తాయి.

ద్రావణి సంగతి చాలామంది ఫుట్‌నోట్ లాగా చదువుతారు. అది పొరపాటు. మిథైల్ అయొడైడ్‌తో క్లోరైడ్ అయాన్ చర్యను మిథనాల్‌లో కాకుండా డైమిథైల్ ఫార్మమైడ్‌లో చేస్తే వేగం పది లక్షల రెట్లకు పైగా పెరుగుతుంది. మిథనాల్ అణువులు హైడ్రోజన్ బంధాలతో క్లోరైడ్ చుట్టూ మూగుతాయి, వాటిని విడిపించుకుంటేగానీ అది కార్బన్ దగ్గరికి రాలేదు. డైమిథైల్ ఫార్మమైడ్ ధనాత్మక అయాన్లను బాగా పట్టుకుంటుంది, ఋణాత్మక అయాన్లను పెద్దగా పట్టించుకోదు. ఎస్‌ఎన్1కి దీనికి దాదాపు వ్యతిరేకం కావాలి: నీరు, ఆల్కహాల్ లాంటి ద్రావణి ఉంటే విడిపోతున్న రెండు అయాన్లకూ ఆసరా దొరుకుతుంది. అందుకే ద్రావణి చెప్పకుండా "సెకండరీ హాలైడ్ ఏ దారిలో పోతుంది" అని అడగడం నా దృష్టిలో అన్యాయమైన ప్రశ్న. న్యూక్లియోఫైల్ బలం, ద్రావణి, ఉష్ణోగ్రత చెప్తేనే దానికి జవాబుంటుంది. అప్పుడు కూడా విలోపన చర్య (హైడ్రోజన్, లీవింగ్ గ్రూప్ రెండూ పోయి ద్విబంధం ఏర్పడేది) పక్కనే పోటీకి నిలబడి ఉంటుంది.

విలోపనం మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం చెప్పి ముందుకు పోతాను. బలమైన క్షారం, మంచి న్యూక్లియోఫైల్ ఒకటే అనుకోకండి. క్షారత్వం ప్రోటాన్‌తో సమతాస్థితికి సంబంధించిన కొలత, న్యూక్లియోఫిలిక్ స్వభావం కార్బన్ మీద దాడి వేగానికి సంబంధించినది. అయొడైడ్ చాలా బలహీన క్షారం, అయినా మంచి న్యూక్లియోఫైల్. టెర్షియరీ బ్యుటాక్సైడ్ బలమైన క్షారం, కానీ దాని లావు వల్ల కార్బన్ దాకా రాలేక పక్కనున్న హైడ్రోజన్‌ను లాగేస్తుంది, ఆల్కీన్ వస్తుంది.

లీవింగ్ గ్రూప్ విషయంలో నియమం సులువు: జంటను పట్టుకుని బయటికి పోయాక అది హాయిగా ఉండగలగాలి. బలమైన ఆమ్లాల కాంజుగేట్ క్షారాలు అలా ఉండగలవు. అందుకే అయొడైడ్, బ్రోమైడ్, టోసిలేట్ మంచివి, హైడ్రాక్సైడ్ పనికిరాదు. ఆల్కహాల్‌కు సోడియం బ్రోమైడ్ కలిపి ఎంతసేపు వేడిచేసినా ఆల్కైల్ బ్రోమైడ్ రాకపోవడానికి కారణం ఇదే. సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా వేస్తే ఆక్సిజన్ ప్రోటాన్‌ను తీసుకుంటుంది, ఇక పోవలసింది నీటి అణువు, అది సులువుగా పోతుంది.

ఇక రెండో వైపు. బెంజీన్ వలయం మీద, కింద పరుచుకుని ఉన్న పై (π) ఎలక్ట్రాన్ల వల్ల వలయమే ఒక న్యూక్లియోఫైల్‌లా ప్రవర్తిస్తుంది. కానీ బలహీనమైనది, ఎందుకంటే ఆ ఎలక్ట్రాన్లు ఆరోమాటిక్ స్థిరత్వంలో బిగుసుకుని ఉన్నాయి. ఆ స్థిరత్వం విలువ సుమారు 150 కిలోజౌళ్లు, ఒక మోల్‌కి. అందుకే బెంజీన్‌కు మామూలు బ్రోమిన్ చాలదు, ఫెర్రిక్ బ్రోమైడ్ తోడు కావాలి. నైట్రిక్ ఆమ్లం ఒక్కటే వేస్తే చర్య చాలా నెమ్మదిగా సాగుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం దానికి ప్రోటాన్ ఇచ్చి, నీటిని ఊడగొట్టి నైట్రోనియం అయాన్‌ను తయారుచేస్తుంది. వలయం మీదికి వచ్చే అసలు ఎలక్ట్రోఫైల్ అదే.

నైట్రోనియం వలయానికి తగలగానే ఆ కార్బన్ నాలుగు ఏకబంధాల కార్బన్ అవుతుంది, దానికి ఆర్థో, పారా స్థానాల్లో ఉన్న మూడు కార్బన్ల మీద ధనావేశం పరుచుకుంటుంది. దీన్ని సిగ్మా సంక్లిష్టం అంటారు. ఆ తర్వాత ప్రోటాన్ పోయి ఆరోమాటిక్ స్వభావం తిరిగి వస్తుంది. ప్రోటాన్ పోవడం వేగాన్ని నిర్ణయించే అడుగేమో అన్న అనుమానం ఉండేది. లార్స్ మెలాండర్ 1950 ప్రాంతంలో హైడ్రోజన్ స్థానంలో ట్రిటియం పెట్టి నైట్రేషన్ చేసి చూశాడు. బరువైన ఐసోటోప్ బంధం తెగడం కష్టం కాబట్టి, ఆ అడుగే ముఖ్యమైతే వేగం తగ్గాలి. తగ్గలేదు. కష్టమంతా ఎలక్ట్రోఫైల్ వచ్చి అతుక్కునే అడుగులోనే ఉంది, ప్రోటాన్ పోవడం ఆ తర్వాత చకచకా జరిగిపోయేదే. (సల్ఫొనేషన్ కొంచెం వేరు, అది వెనక్కి కూడా నడుస్తుంది. సజల ఆమ్లంతో వేడిచేస్తే సల్ఫోనిక్ సమూహం ఊడిపోతుంది, కాబట్టి ఒక స్థానాన్ని తాత్కాలికంగా మూసిపెట్టడానికి దాన్ని వాడుకోవచ్చు.)

ఈ సిగ్మా సంక్లిష్టాన్ని గీయడం నేర్చుకుంటే స్థానాల పట్టికను బట్టీ పట్టనక్కర్లేదు. ఎలక్ట్రోఫైల్ ఆర్థోలోనో పారాలోనో తగిలితే, ధనావేశం పంచుకునే కార్బన్లలో ముందునుంచీ సమూహం ఉన్న కార్బన్ కూడా ఉంటుంది. మెటాలో (ఒక కార్బన్ వదిలి తర్వాతిదాని మీద) తగిలితే ఉండదు. ఇక ఆ సమూహం పక్కనున్న ధనావేశాన్ని ఇష్టపడుతుందా లేదా అన్నదే ప్రశ్న. మిథైల్ ఇష్టపడుతుంది. టోలుయీన్ నైట్రేషన్ బెంజీన్ కంటే సుమారు 25 రెట్లు వేగంగా జరుగుతుంది, 95 శాతానికి పైగా ఆర్థో, పారా ఉత్పన్నాలే వస్తాయి. నైట్రో సమూహం అసలు సహించదు. నైట్రోబెంజీన్‌ను మళ్లీ నైట్రేషన్ చేయాలంటే పరిస్థితులు కఠినంగా ఉండాలి, వచ్చేది కూడా 90 శాతానికి పైగా మెటాయే. మెటా స్థానం ఇక్కడ బాగుందని కాదు. మూడింటిలో నష్టం తక్కువ ఉన్నది అదే.

క్లోరిన్ దగ్గర మీకు కనిపించిన వైరుధ్యం ఇప్పుడు చూద్దాం. క్లోరిన్ ఒకే సమయంలో రెండు పనులు చేస్తుంది. సిగ్మా బంధం గుండా ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది, దాంతో వలయంలో అన్ని స్థానాలూ బెంజీన్ కంటే పేదవవుతాయి. అందుకే మొత్తం నైట్రేషన్ వేగం బెంజీన్‌లో దాదాపు ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. రెండో పని, తన ఒంటరి జంటను రెజొనెన్స్ ద్వారా, అంటే వలయంలోని పై ఎలక్ట్రాన్లతో పంచుకుని, ఇవ్వడం. అయితే ఆ జంట మూడో కక్ష్యలోది, కార్బన్ రెండో కక్ష్యతో సరిగా అతకదు, కాబట్టి ఈ దానం లాక్కున్న నష్టాన్ని పూడ్చలేదు. కానీ ధనావేశం నేరుగా క్లోరిన్ ఉన్న కార్బన్ మీదికి వచ్చినప్పుడు, అంటే ఆర్థో, పారా దాడుల్లో, ఆ కొద్ది దానమే కీలకమవుతుంది. మెటా దాడిలో అది అందుబాటులో ఉండదు. ఫలితంగా మూడు స్థానాలూ మందగిస్తాయి, మెటా అందరికంటే ఎక్కువ మందగిస్తుంది. నైట్రేషన్‌లో సుమారు 70 శాతం పారా, 30 శాతం ఆర్థో వస్తాయి, మెటా ఒక శాతం లోపే. "మందగింపజేయడం" బెంజీన్‌తో పోలిక, "దారి చూపడం" అదే వలయంలోని స్థానాల మధ్య పోలిక. రెండు పోలికలూ వేరు కాబట్టి వాటి మధ్య గొడవేమీ లేదు.

ఫీనాల్‌లో ఆక్సిజన్ జంట కార్బన్‌తో బాగా అతుకుతుంది, అందుకని బ్రోమిన్ నీళ్లతోనే, ఉత్ప్రేరకం లేకుండా, మూడు బ్రోమిన్లు ఎక్కిన తెల్లని అవక్షేపం వచ్చేస్తుంది. ఎనిలీన్‌దీ అదే దారి. కానీ ఎనిలీన్‌ను నేరుగా నైట్రేషన్ చేయమన్నప్పుడు జాగ్రత్త. ఆ ఆమ్లంలో దాని నైట్రోజన్ ప్రోటాన్ తీసుకుని ధనావేశం పొందుతుంది, ఇవ్వడానికి జంట మిగలదు. దాదాపు 47 శాతం మెటా ఉత్పన్నం రావడానికి కారణం అదే. ప్రయోగశాలలో దాన్ని ముందు ఎసిటనిలైడ్‌గా మార్చి, నైట్రేషన్ చేసి, ఆ తర్వాత జలవిశ్లేషణ చేస్తారు.

వలయానికి ఆల్కైల్, ఎసైల్ సమూహాలను అతికించే ఫ్రీడల్–క్రాఫ్ట్స్ చర్య (1877) గురించి రెండు ముక్కలు. ప్రొపైల్ క్లోరైడ్‌తో చేస్తే ఎక్కువగా ఐసోప్రొపైల్ బెంజీన్ వస్తుంది, కార్బొకాటయాన్ దారిలో సర్దుకుంటుంది కాబట్టి. పైగా ఒక ఆల్కైల్ ఎక్కగానే వలయం ఇంకా చురుకై రెండోదాన్ని పిలుస్తుంది. ఎసైల్ క్లోరైడ్‌తో ఈ రెండు తలనొప్పులూ ఉండవు, అందుకే ఎసైలేషన్ చేసి కీటోన్‌ను క్షయకరణం చేయడం మేలు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నలో మిగిలిన సగం: క్షారం ముందు క్లోరోబెంజీన్ ఎందుకు మొండికేస్తుంది? వెనక నుంచి దాడి చేయాలంటే వలయం మధ్యలోంచి రావాలి, ఎస్‌ఎన్2 అసాధ్యం. క్లోరైడ్ ముందే పోతే మిగిలే ఫినైల్ కాటయాన్ చాలా అస్థిరం, ఎందుకంటే దాని ఖాళీ ఆర్బిటాల్ వలయం తలంలో ఉంటుంది, పై ఎలక్ట్రాన్లు దానికి సాయం చేయలేవు. పైగా ఎస్‌పీ2 కార్బన్‌తో (వలయంలో ఉన్నలాంటి, మూడు దిక్కుల్లోనే సిగ్మా బంధాలున్న కార్బన్‌తో) బంధం పొట్టిది: ఆల్కైల్ క్లోరైడ్లలో కార్బన్–క్లోరిన్ దూరం 177 పికోమీటర్లు, ఇక్కడ 169. పరిశ్రమలో దీన్ని ఫీనాల్‌గా మార్చడానికి సుమారు 350 డిగ్రీల సెల్సియస్, 300 అట్మాస్ఫియర్ల పీడనం పెట్టాల్సి వచ్చేది.

ఒక నైట్రో సమూహాన్ని పారాలో పెట్టండి, 170 డిగ్రీలు చాలు. రెండు పెడితే 95. మూడు పెడితే గోరువెచ్చని నీళ్లతోనే పిక్రిక్ ఆమ్లం వస్తుంది. ఎలక్ట్రోఫైల్‌కు తలుపు మూసేసిన నైట్రో సమూహమే న్యూక్లియోఫైల్‌కు తలుపు తీస్తోంది. ఇక్కడ హైడ్రాక్సైడ్ ముందు వలయానికి అతుక్కుంటుంది, ఋణావేశం వలయంలోకి వచ్చి ఆర్థో, పారా కార్బన్ల మీదుగా నైట్రో సమూహం ఆక్సిజన్ల దాకా పోతుంది, ఆ తర్వాత క్లోరైడ్ వెళ్లిపోతుంది. మెటాలో నైట్రో ఉంటే ఆ ఆవేశం దాని దాకా చేరదు, అందుకే దాని సాయం నామమాత్రం. ఈ మధ్యస్థాన్ని మైసెన్‌హైమర్ సంక్లిష్టం అంటారు.

దీన్ని మరీ నమ్మదగినదిగా చేసే ఆధారం ఒకటుంది. ఆల్కైల్ హాలైడ్లలో ఫ్లోరైడ్ అందరికంటే చెత్త లీవింగ్ గ్రూప్. ఇక్కడేమో సాధారణంగా ఫ్లోరోనైట్రోబెంజీన్లే అందరికంటే వేగంగా చర్య జరుపుతాయి. కష్టమైన అడుగు అతుక్కోవడం కాబట్టి, కార్బన్‌ను ఎక్కువ ధనాత్మకం చేసే ఫ్లోరిన్‌ది పైచేయి. బంధం తెగేది ఆ తర్వాతే, దాని బలం లెక్కలోకి రాదు. ఫ్రెడరిక్ శాంగర్ ఇన్సులిన్‌లో అమైనో ఆమ్లాల వరుస కనుక్కోవడానికి వాడిన కారకం 1-ఫ్లోరో-2,4-డైనైట్రోబెంజీన్, ఆ పనికే 1958లో నోబెల్ వచ్చింది. క్లోరో బదులు ఫ్లోరో ఎందుకని మీరు ఎప్పుడైనా అనుకుని ఉంటే, కారణం ఇదే.

నైట్రో ఏమీ లేకుండా కూడా క్లోరోబెంజీన్‌ను లొంగదీసే దారి ఒకటుంది, ద్రవ అమ్మోనియాలో పొటాషియం అమైడ్. క్లోరిన్ ఉన్న కార్బన్‌ను కార్బన్-14తో గుర్తుపెట్టి 1953లో జాన్ రాబర్ట్స్ బృందం ఈ చర్య చేసింది. వచ్చిన ఎనిలీన్‌లో అమైన్ సుమారు సగం గుర్తు ఉన్న కార్బన్ మీద, సగం దాని పక్క కార్బన్ మీద ఉంది. మధ్యలో బెంజైన్ (హైడ్రోజన్, క్లోరిన్ పోయి వలయంలో త్రిబంధం లాంటిది మిగిలిన మధ్యస్థం) ఏర్పడి, రెండు కార్బన్లూ సమానమవుతున్నాయని అర్థం. ఇది పేరుకు ప్రతిక్షేపణే, నిజానికి విలోపనం, ఆ తర్వాత సంకలనం.

రెండు వైపులా నిలబడే డయజోనియం లవణాన్ని (వలయం మీద ధనావేశంతో రెండు నైట్రోజన్లు ఉన్నదాన్ని) కూడా ఒకసారి చూడండి. బెంజీన్ డయజోనియం క్లోరైడ్‌ను నీళ్లలో వేడిచేస్తే నైట్రోజన్ వాయువు బంధంలోని జంటతో పోతుంది, నీరు వచ్చి చేరి ఫీనాల్ ఇస్తుంది: డయజోనియం ఉన్న వలయం మీద న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణ. అదే లవణాన్ని చల్లగా ఉంచి, కొద్దిగా క్షారం ఉన్న ఫీనాల్ ద్రావణంలో కలిపితే నారింజ రంగు అజో సమ్మేళనం వస్తుంది: ఫీనాల్ వలయం మీద ఎలక్ట్రోఫిలిక్ ప్రతిక్షేపణ, ఇందులో డయజోనియమే ఎలక్ట్రోఫైల్, పోయేది ఫీనాల్ వలయంలోని ప్రోటాన్. బెంజీన్‌తో ఈ రెండో చర్య జరగదు, డయజోనియం బలహీనమైన ఎలక్ట్రోఫైల్ కాబట్టి ఫీనాల్, ఎనిలీన్ లాంటి ధనిక వలయాలే దానికి స్పందిస్తాయి.

కాబట్టి చర్య కనబడగానే పేరు వెతకకండి. పోయేది ఏది, అది జంటతో పోతోందా లేకుండానా, దాడి జరిగే కార్బన్ ఎస్‌పీ3నా ఎస్‌పీ2నా, ఈ మూడూ రాసుకోండి. బెంజైల్ క్లోరైడ్‌తో సాధన చేయండి. సోడియం హైడ్రాక్సైడ్ ఇస్తే పక్క గొలుసు కార్బన్ మీద క్లోరైడ్ పోయి బెంజైల్ ఆల్కహాల్ వస్తుంది, పరిస్థితులను బట్టి ఎస్‌ఎన్2గానూ ఎస్‌ఎన్1గానూ, ఎందుకంటే అది ప్రైమరీయే అయినా బెంజైల్ కాటయాన్‌కు వలయం ఆసరా ఉంటుంది. నైట్రేషన్ మిశ్రమం ఇస్తే క్లోరిన్ కదలదు, వలయం మీద ఎక్కువగా ఆర్థో, పారా స్థానాల్లో హైడ్రోజన్ పోయి నైట్రో చేరుతుంది.